హన్మకొండ నుంచి లుడ్విగ్స్‌బర్గ్‌కు: జర్మన్ చరిత్రలో పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: సార్, నాకు 23 ఏళ్లు. మాది హన్మకొండ. హైదరాబాద్‌లో ఎంఏ హిస్టరీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. సివిల్స్ కోసమని ప్రపంచ చరిత్ర పట్టుకున్నదాన్ని ఆ పుస్తకాల్లోనే ఉండిపోయాను, సివిల్స్ మీద మనసు పోయింది. ఆధునిక జర్మనీ చరిత్రలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాజీ పార్టీలో ఉన్న మామూలు ఉద్యోగులు, టీచర్లు 1945 తర్వాత మళ్లీ అదే ఊళ్లో అదే కుర్చీలో ఎలా కూర్చోగలిగారన్నది నన్ను వదలడం లేదు. పోలీస్ యాక్షన్ తర్వాత మా తాతగారి ఊళ్లో కూడా పాత పట్వారీయే మళ్లీ లెక్కలు రాశాడని ఆయన చెప్పేవారు. బహుశా ఈ పిచ్చి అక్కడి నుంచే పట్టుకుంది. జర్మన్ భాషా పరీక్షలో బీ1 (మధ్యస్థాయి) పాసయ్యాను. మా ప్రొఫెసర్ ‘మన చరిత్రే రాసేవాళ్లు లేక పడి ఉంది, నీకు జర్మనీ ఎందుకమ్మా’ అంటున్నారు. నాన్న ప్రభుత్వ బడిలో సోషల్ టీచర్. చదువుకు అడ్డు చెప్పరు గానీ ‘దీంతో ఉద్యోగం ఏమొస్తుంది’ అన్న దగ్గర ఆగిపోతున్నారు. అమ్మది పెళ్లి టెన్షన్. అమెరికాకు అప్లై చేయాలా, జర్మనీకా? అప్పు చేయొచ్చా? ఒక జర్మన్ ప్రొఫెసర్‌కు పంపాలనుకున్న ఈమెయిల్ డ్రాఫ్ట్ కూడా జత చేశాను. ఆఖరుగా ఒక్క మాట: వాళ్ల చరిత్రను ఇండియా అమ్మాయి రాస్తే జర్మన్లు లెక్కలోకి తీసుకుంటారా?
ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: నా విద్యార్థుల వయసుదానివి, కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ముందు ఆ ఈమెయిల్ సంగతి చూద్దాం. ‘చిన్నప్పటి నుంచీ జర్మన్ చరిత్ర అంటే నాకు అమితమైన ఆసక్తి’ అని మొదలుపెట్టావు. తర్వాత వాళ్ల యూనివర్సిటీ ఎంత గొప్పదో వాళ్లకే చెప్పావు. ఆ తర్వాత నీ మార్కులు. టీచర్ల ఊసు ఎక్కడో చివర్లో వచ్చింది, అదీ ‘యుద్ధానంతర సమాజం వంటి అంశాలు’ అనే మూటలో. నాకు రాసిన ఉత్తరంలో మాత్రం ఒక్క ముక్కలో చెప్పేశావు: అదే ఊళ్లో అదే కుర్చీలో ఎలా కూర్చున్నారు? ఈమెయిల్‌లో మొదటి లైను అది కావాలి. ఇలాంటి మెయిళ్లు బోలెడు చూసే ప్రొఫెసర్‌కు నీ ఆసక్తితో పని లేదు. నీకో ప్రశ్న ఉందా, దానికి కావలసిన కాగితాలు ఎక్కడున్నాయో తెలుసా, వాటిని చదవగలవా అన్నదే చూస్తారు.

ఇలా రాసి చూడు: ‘అమెరికన్ల ఆక్రమణలో ఉన్న వుర్టెంబెర్గ్-బాడెన్‌లో 1945లో ఉద్యోగాలు పోయిన బడి టీచర్లు కొన్నేళ్లలోనే మళ్లీ బడికి ఎలా వచ్చారన్నది నాజీ గతంపై జరిగిన విచారణల్లో ఒక్క జిల్లా ఫైళ్ల ఆధారంగా చూడాలనుకుంటున్నాను. ఈ ఫైళ్లు లుడ్విగ్స్‌బర్గ్ రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. నా జర్మన్ ప్రస్తుతం బీ1. వచ్చే వేసవిలో సీ1 (ఉన్నత స్థాయి) రాస్తాను.’ దీనికి రెండు పేజీల ప్రతిపాదన, నీ ఎంఏ డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం జత చెయ్. మార్కుల సంగతి సీవీలో ఎలాగూ ఉంటుంది.

ఇక అసలు విషయం. వెళ్లొచ్చు. కానీ ఏ దేశం, ఏ యూనివర్సిటీ అన్న దగ్గర మొదలుపెట్టకు. నీ ప్రశ్నకు సంబంధించిన కాగితాలు ఎక్కడున్నాయో అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రా. ఏ భాష ఎంత రావాలి, ఎవరి దగ్గర చేరాలి, ఎన్నేళ్లకు డబ్బు కావాలి అన్నవన్నీ అక్కడి నుంచే తేలతాయి. చాలామంది ముందు అడ్మిషన్ తెచ్చుకుని, వెళ్లాక టాపిక్ వెతుక్కుంటారు. వాళ్లకు మొదటి రెండేళ్లు అందులోనే పోతాయి.

నువ్వు పట్టుకున్న ప్రశ్న బాగుంది. ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెబుతాను, మీ నాన్నగారికీ చదివి వినిపించు, ఇది ఆయన వృత్తి వాళ్ల కథ. యుద్ధం ముగియగానే అమెరికన్లు జర్మనీలో తమ ఆక్రమణలో ఉన్న జోన్‌లో 131 ప్రశ్నల ఫారం ఒకటి పంచారు. ఏ సంఘంలో సభ్యుడివి, ఎప్పుడు చేరావు, 1932లో ఎవరికి ఓటేశావు దాకా అన్నీ అడిగారు. దాన్నిబట్టి ఉద్యోగాలు ఊడాయి. బడుల్లో దెబ్బ గట్టిగా పడింది, ఎందుకంటే టీచర్లలో పార్టీ సభ్యులు, నాజీ ఉపాధ్యాయ సంఘం సభ్యులు బాగా ఎక్కువ. 1946 మార్చిలో చట్టం తెచ్చి ఈ పనిని జర్మన్ల చేతికే ఇచ్చేశారు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఇంకో చిన్న ఫారం నింపాలి. అమెరికన్ జోన్‌లో సుమారు 1.3 కోట్ల మంది నింపారు. ష్ప్రుఖ్‌కామర్ అనే స్థానిక విచారణ మండళ్లు ఒక్కొక్కరినీ ఐదు తరగతుల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి: ప్రధాన నేరస్తులు, నేరస్తులు, తక్కువ నేరం ఉన్నవాళ్లు, మిట్‌లాయ్‌ఫర్ అంటే గుంపుతో పాటు నడిచినవాళ్లు, నిర్దోషులు. తీర్పు చెప్పేదీ ఆ ఊరివాళ్లే, నిలబడేదీ ఆ ఊరివాళ్లే. రేపు పొద్దున రొట్టెల కొట్టు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్లు. ఏం జరుగుతుంది? విచారణకు వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మిట్‌లాయ్‌ఫర్ తరగతిలో పడి, జరిమానా కట్టి బయటపడ్డారు.

ఒక ఫైలు తెరిస్తే ముందు రెండు వైపులా నింపిన ఫారం ఉంటుంది. దాని వెనక సిఫార్సు ఉత్తరాల కట్ట. చర్చి పాస్టర్ ఒకటి రాస్తాడు, ఇంటి యజమాని ఒకటి, పిల్లవాడి తల్లి ఒకటి: ‘ఈయన పార్టీలో పేరుకే ఉన్నారు, మనసులో వ్యతిరేకే, మా వాడిని ఎన్నడూ తక్కువ చూడలేదు.’ జనం వీటిని పెర్సిల్ అనే బట్టల సబ్బు పొడి పేరుతో పిలిచేవాళ్లు. మనమైతే సర్ఫ్ సర్టిఫికెట్లు అనుండేవాళ్లం. తర్వాత అభియోగ పత్రం, ఆ తర్వాత తీర్పు, రైష్‌మార్కుల్లో జరిమానా, కట్టిన రసీదు. ఇలాంటి ఫైలు ఒక్కటి చదివితే ఒక మనిషి కథ. ఒకే జిల్లాలో రెండు వందలు పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఎవరికి ఉత్తరం రాసిచ్చారో బయటపడుతుంది. ఒకే పాస్టర్ ఎంతమందికి ఒకే వాక్యాలు రాసిచ్చాడో, ఎవరికి ఒక్కరూ రాయలేదో లెక్క తీయొచ్చు. నీ థీసిస్ అక్కడుంది. ఆ తర్వాత 1948 నాటికి ప్రచ్ఛన్న యుద్ధం ముదిరింది, అమెరికన్లకు దీని మీద ఓపిక పోయింది. 1951లో పశ్చిమ జర్మనీ పార్లమెంటు రాజ్యాంగంలోని 131వ అధికరణం కింద చట్టం చేసి, 1945 తర్వాత ఉద్యోగాలు పోయిన ప్రభుత్వ సిబ్బందిలో చాలామందికి తిరిగి దారి తెరిచింది. 131 ప్రశ్నలతో ఊడిన కొలువులు 131వ అధికరణంతో వెనక్కొచ్చాయి. అంకెలు కలవడం కాకతాళీయమే అనుకో.

ఈ రంగంలో ఎవరూ పని చేయలేదని మాత్రం రాయకు, మొదటి పేజీలోనే దొరికిపోతావు. లుట్స్ నీటామర్ 1970ల్లోనే బవేరియా మీద ఈ పని చేశారు. నోర్బెర్ట్ ఫ్రై 1990ల్లో, బాన్ రాజధానిగా ఉన్న పశ్చిమ జర్మనీ ప్రభుత్వం గతాన్ని ఎలా సర్దేసిందో చూపించారు. విదేశాంగ శాఖ తన చరిత్ర మీద వేసిన కమిషన్ 2010లో నివేదిక ఇచ్చింది, న్యాయశాఖ మీద అలాంటి పనే 2016లో వచ్చింది, ఇంకా చాలా శాఖలు ఆ దారి పట్టాయి. అంటే పైస్థాయి బాగా దున్నేసిన నేల. కింద, జిల్లా స్థాయిలో, బడి టీచరు, పశువైద్యుడు, మంత్రసాని దగ్గర ఇంకా చోటుంది. అందుకే ఒక్క జిల్లా అన్నాను. ‘నాజీ జర్మనీలో విద్యావ్యవస్థ’ లాంటి టాపిక్ పెట్టుకుంటే జీవితకాలం చాలదు, చెప్పడానికి కొత్త మాటా ఉండదు.

ఫైళ్లు చూడనిస్తారా అన్న సందేహం వస్తుంది. ఫెడరల్ ఆర్కైవ్ చట్టం ప్రకారం మామూలు ఫైలుకు ముప్పై ఏళ్లు గడవాలి, ఒక వ్యక్తికి సంబంధించినదైతే అతను చనిపోయి పదేళ్లు, మరణ తేదీ తెలియకపోతే పుట్టి వందేళ్లు గడవాలి. రాష్ట్రాల చట్టాలు కొద్దిగా తేడాగా ఉంటాయి. నీ టీచర్లలో ఎక్కువ మంది 1920కి ముందు పుట్టినవాళ్లే, పెద్దగా అడ్డు రాదు. అయితే ఫైళ్లన్నీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చూడొచ్చనుకోకు. జాబితాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కాగితాల కోసం వెళ్లాల్సిందే. నీకు పార్టీ సభ్యత్వ కార్డులు కూడా కావాలి, అవి బెర్లిన్ లిష్టర్‌ఫెల్డెలోని ఫెడరల్ ఆర్కైవ్‌లో ఉంటాయి. ఆ ఆవరణకే ఒక చరిత్ర ఉంది: మొదట ప్రష్యా సైనిక విద్యార్థుల పాఠశాల, తర్వాత హిట్లర్ అంగరక్షక ఎస్ఎస్ దళం బ్యారక్స్, 1945 నుంచి 1994 దాకా అమెరికన్ సైన్యం, ఇప్పుడు రీడింగ్ రూమ్.

ఇప్పుడు భాష. బీ1తో రైలు టికెట్ కొనొచ్చు, అద్దె గది మాట్లాడుకోవచ్చు. 1947 నాటి గుమస్తా రాసిన ఐదు లైన్ల వాక్యంలో క్రియ ఎక్కడుందో వెతకడానికి అది చాలదు. సీ1 కావాలి, ఆ పైన చదివే అలవాటు కావాలి. హైదరాబాద్‌లో ఉన్నంత కాలం ఇఫ్లూ లైబ్రరీని, గోథే సెంట్రమ్ క్లాసుల్ని పూర్తిగా వాడుకో. అక్కడికి వెళ్లాక నేర్చుకుంటానులే అని వాయిదా వేయకు. వెళ్లాక చుట్టూ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే దొరుకుతారు, పైగా మన తెలుగువాళ్లు ఎటూ ఉంటారు.

దీంతో పాటు ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. పాత జర్మన్ చేతిరాత. కుర్రెంట్ అంటారు, దాని బడి రూపాన్ని జ్యూటర్‌లీన్ అంటారు. ‘ఇ’కీ ‘ఎన్’కీ తేడా తెలియదు, ‘హెచ్’ చూస్తే మనకు ఇంకేదో అక్షరం అనిపిస్తుంది. 1941లో నాజీ ప్రభుత్వమే దాన్ని బడుల నుంచి తీసేసింది. కాబట్టి 1946లో సిఫార్సు ఉత్తరం రాసిన పెద్దవాళ్లలో చాలామంది చేతికి వచ్చింది ఆ రాతే. నీ అదృష్టం కొద్దీ విచారణ ఫైళ్లలో చాలా భాగం టైపు చేసినవి. మిగతాది మాత్రం సరిగ్గా నీకు కావలసిన భాగం. వాషింగ్టన్‌లోని జర్మన్ హిస్టారికల్ ఇన్‌స్టిట్యూట్ డాక్టరల్ విద్యార్థులకు ఈ రాత నేర్పే వేసవి శిక్షణ నడిపేది, జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో చిన్న కోర్సులుంటాయి. అప్పటిదాకా ఒక నోటుబుక్ తీసుకుని రోజూ ఆ అక్షరాలు నీ చేత్తో రాయి. రాయడం వచ్చిన అక్షరం చదవడం త్వరగా వస్తుంది.

అమెరికానా, జర్మనీనా? నన్నడిగితే ముందు జర్మనీలో రెండేళ్ల మాస్టర్స్, ఆ తర్వాత రెండు చోట్లకీ పీహెచ్‌డీ అప్లికేషన్. మళ్లీ మాస్టర్సా అని నాన్న అంటారు. కారణాలున్నాయి. అమెరికాలో పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు, కొన్నిసార్లు ఏడు. మొదటి రెండేళ్లు క్లాసులు, తర్వాత వంద పైచిలుకు పుస్తకాల మీద పరీక్ష, తర్వాత ఆర్కైవ్ ఏడాది, ఆ తర్వాత రాయడం. ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు, బదులుగా క్లాసుల్లో సాయం చేయాలి. మన ఎంఏలు చరిత్రకారుల మధ్య వాదాలను సరిగ్గా నేర్పవు, ఆ లోటును ఆ రెండేళ్ల క్లాసులు పూడుస్తాయి. ఆ విషయంలో అమెరికా పద్ధతి నాకు నచ్చుతుంది. కానీ ఈ మధ్య అక్కడ కొన్ని పెద్ద యూనివర్సిటీలు హ్యుమానిటీస్ పీహెచ్‌డీ సీట్లు కోసేశాయి, కొన్ని విభాగాలు ఆ ఏడాదికి తలుపే మూసేశాయి. ఉన్న కొద్ది సీట్లకు జర్మనీలో చదివి, జర్మన్‌లో రాసి, ఆర్కైవ్ చూసొచ్చినవాళ్లతో పోటీ. నీ బీ1తో ఇప్పుడు ఆ క్యూలో నిలబడటం అప్లికేషన్ ఫీజులు దండగ చేసుకోవడమే.

జర్మనీ పీహెచ్‌డీ దీనికి పూర్తిగా వేరు. క్లాసులు దాదాపు ఉండవు. ఒక ప్రొఫెసర్ నిన్ను విద్యార్థిగా ఒప్పుకోవాలి, అంతే. నెలకో రెండు నెలలకో ఒకసారి కొలోక్వియం అనే పరిశోధకుల సమావేశంలో ఒక అధ్యాయం చదివి వినిపిస్తావు, మిగతా కాలమంతా నువ్వూ నీ ఫైళ్లూ. మూడు నుంచి ఐదేళ్లు. ఎవరూ వెంటపడి అడగరు, అది కొందరికి వరం, కొందరికి డిప్రెషన్. ఒంటరిగా పని చేసే అలవాటు నీకుందో లేదో మాస్టర్స్‌లోనే తెలిసిపోతుంది. మాస్టర్స్ థీసిస్‌ను ఒక ఇరవై ముప్పై ఫైళ్ల మీద రాయి. ఆ పని చేస్తున్నప్పుడు రోజులు తెలియకుండా గడిచిపోతే పీహెచ్‌డీకి వెళ్లు. ఎప్పుడైపోతుందా అనిపిస్తే, ఒక మంచి డిగ్రీ, సీ1 జర్మన్ చేతిలో ఉంటాయి, తిరిగొచ్చేయొచ్చు. ఇంగ్లండ్ గురించి అడగలేదు, అడిగినా ‘స్కాలర్‌షిప్ వస్తేనే’ అనేవాణ్ని.

ఇంకో దారి కూడా చెబుతాను, మీ ప్రొఫెసర్‌కు ఇది నచ్చొచ్చు. ఎంఏ అవగానే నెట్-జేఆర్ఎఫ్ రాయి. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇక్కడే ఏదైనా కేంద్రీయ యూనివర్సిటీలో చేరొచ్చు. ఇద్దరు గైడ్లతో, ఒకరు ఇక్కడ, ఒకరు జర్మనీలో, చేసే పీహెచ్‌డీలకు డాడ్ అనే జర్మన్ విద్యా వినిమయ సంస్థ స్కాలర్‌షిప్ ఇస్తుంది. సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, ఇక్కడ జర్మన్ ఫైళ్లు చదివి తప్పులు పట్టగలిగే గైడ్ దొరకడం కష్టం. అలాంటివారు దొరికితేనే ఆలోచించు. జేఆర్ఎఫ్ పరీక్ష మాత్రం ఏ దారిలో వెళ్లినా రాసేయ్, పోయేదేమీ లేదు.

డబ్బు. జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల చందా ఉంటుంది. నీ ఫైళ్లున్న బాడెన్-వుర్టెంబెర్గ్ మాత్రం యూరప్ బయటివాళ్ల దగ్గర మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది, పీహెచ్‌డీకి తీసుకోదు. వేరే రాష్ట్రంలో చదువుతూ ఫైళ్ల కోసం రైలెక్కడం చవక. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అనే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి సరిపడా డబ్బు చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, మన లెక్కలో పన్నెండు లక్షలకు అటూ ఇటూ. మన సర్టిఫికెట్లను ఢిల్లీలోని ఏపీఎస్ తనిఖీ చేసి పత్రం ఇవ్వాలి, దానికి సమయం పడుతుంది, ముందే పెట్టేసుకో. చాలా చోట్ల శీతాకాలం సెమిస్టర్‌కు జులై 15 గడువు, విదేశీ విద్యార్థులకు కొన్ని చోట్ల ఇంకా ముందే. చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోనిస్తారు.

అప్పు విషయంలో నేను కాస్త కఠినంగా ఉంటాను. కంప్యూటర్స్‌లో ఎమ్మెస్‌కు నలభై లక్షలు తెచ్చి ఉద్యోగం రాగానే తీర్చేసే లెక్క హిస్టరీకి పనిచేయదు. మాస్టర్స్ కోసం ఆ బ్లాక్డ్ అకౌంట్ మొత్తం వరకు ఇంట్లోవాళ్లు సర్దగలిగితే సరే, అంతకు మించి వద్దు. పీహెచ్‌డీకైతే ఒక్క రూపాయి కూడా సొంతది పెట్టకు. ఎవరో ఒకరు జీతమో స్కాలర్‌షిప్పో ఇస్తేనే చేరు: ప్రాజెక్టులో ఉద్యోగం (హిస్టరీలో సాధారణంగా సగం జీతం, లేదా 65 శాతం, దానితోనే బతకొచ్చు), లేదా డాడ్, లేదా ఎబెర్ట్, అడెనవర్, బ్యోల్, లక్సెంబుర్గ్ ఫౌండేషన్లు. ఈ ఫౌండేషన్లు ఒక్కోటి ఒక్కో పార్టీకి దగ్గర, విదేశీ విద్యార్థులకూ ఇస్తాయి. ఇంటర్వ్యూలో నీ సామాజిక పని గురించి గట్టిగా అడుగుతారు. ఎవరూ డబ్బివ్వలేదంటే ఆ ఏడాదికి ఆగు.

ఉద్యోగం. మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే, దాన్ని ‘ప్యాషన్’ అనే మాటతో దాటేయొద్దు. జర్మనీలో పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ కావాలంటే సాధారణంగా హాబిలిటేషన్ పేరుతో రెండో పెద్ద పుస్తకం రాయాలి. తాత్కాలిక కాంట్రాక్టుల మీద పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు అని చట్టమే పరిమితి పెట్టింది. ఆలోపు శాశ్వత కుర్చీ దొరక్కపోతే చాలామంది నలభై దాటాక బయటికి నడుస్తారు. ఆ దేశ విద్యా పరిశోధన శాఖ ‘హన్నా’ అనే కల్పిత పరిశోధకురాలితో ఈ చట్టం ఎంత మంచిదో చెప్పే వీడియో 2018లో వదిలింది, 2021లో అది చూసి వేలమంది ‘హన్నాను నేనే’ అంటూ తమ కాంట్రాక్టుల కథలు బయటపెట్టారు. అమెరికాలో చరిత్ర ప్రొఫెసర్ పోస్టులు 2008 మాంద్యంలో పడిపోయి మళ్లీ ఆ స్థాయికి లేవలేదు. మన దేశంలో ‘జర్మన్ చరిత్ర’ అనే పోస్టే ఉండదు. కానీ ఆధునిక యూరప్, ప్రపంచ చరిత్ర పేపర్లు ప్రతి చోటా ఉన్నాయి, వాటిని గైడు పుస్తకాల నుంచి కాకుండా మూలాల నుంచి చెప్పగలిగినవాళ్లు తక్కువ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీకి నెట్ మినహాయింపు ఉంది. కొత్త ప్రైవేటు యూనివర్సిటీలు అలాంటివాళ్లను తీసుకుంటున్నాయి. ఇంకా మ్యూజియాలు, నాజీ శిబిరాల స్మారక కేంద్రాలు, దోచుకున్న కళాఖండాల యజమానులను వెతికే పనులు ఉన్నాయి, వాటికి జర్మన్ దాదాపు సొంత భాషలా రావాలి. ఇవేవీ కుదరకపోతే సీ1 జర్మన్‌కు హైదరాబాద్ కంపెనీల్లో ఎప్పుడూ గిరాకీ ఉంది. నిజం చెప్పాలంటే నీ పీహెచ్‌డీ కంటే ఆ సర్టిఫికెట్టే నీకు ముందు జీతం తేవచ్చు. నాన్నకు ఈ పేరా మొత్తం చూపించు, మంచి భాగం ఒక్కటే కాదు.

మీ ప్రొఫెసర్ మాటకు వద్దాం. మన చరిత్ర రాసేవాళ్లు తక్కువన్నది నిజం. ఆ లోటు పూడ్చే బాధ్యత నీ ఒక్కదాని నెత్తిన పెట్టడం న్యాయం కాదు. తమాషా ఏమిటంటే, జర్మనీ వెళ్లాక ఇదే మాట అటువైపు నుంచి వినబడుతుంది: ‘మీరు ఇండియా నుంచి వచ్చారు కదా, ఇండియా-జర్మనీ సంబంధాల మీద ఎందుకు చేయకూడదు?’ ఆ టాపిక్‌లు తక్కువవేమీ కావు. సరోజినీ నాయుడు తమ్ముడు, హైదరాబాద్‌లో పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్‌లో భారత స్వాతంత్ర్య కమిటీ నడిపారు, 1937లో స్టాలిన్ ప్రక్షాళనలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ కమిటీ కాగితాలు జర్మన్ విదేశాంగ శాఖ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అదే యుద్ధంలో బెర్లిన్ దగ్గర వ్యున్స్‌డోర్ఫ్ శిబిరంలో బందీలైన భారతీయ సిపాయిల గొంతులను జర్మన్ పండితులు రికార్డు చేసి దాచారు. 1943లో సుభాష్ బోస్‌తో జర్మన్ జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ హైదరాబాదీ. 1860ల నుంచి నాయుడుపేట, గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాల్లో పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు ఇంటికి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. తెలుగు, జర్మన్, కుర్రెంట్ మూడూ వచ్చినవాళ్లు ఈ భూమ్మీద ఎంతమంది ఉంటారు? ఈ చివరిది ఎవరైనా చేస్తే నేనే ముందు కొని చదువుతాను.

అయినా నీ ప్రశ్న నీది. ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఇండియా మీదే, జర్మన్లు ప్రపంచం మీద రాయాలన్న పంపకం నాకు నచ్చదు. నీకు నిద్ర పట్టనివ్వనిది వుర్టెంబెర్గ్ టీచరైతే ఆ టీచర్ మీదే చెయ్. మిషనరీల ఉత్తరాలు రెండో పుస్తకానికి ఉండనీ. మీ తాతగారి పట్వారీ మాత్రం స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఒక్క పేరా ఉండాలి. ఎక్కడి నుంచి వచ్చిందీ ప్రశ్న అని అడిగేవాళ్లకు అంతకన్నా నిజమైన జవాబు ఉండదు. అక్కడితో ఆపేయ్. 1948 హైదరాబాద్‌కూ 1945 జర్మనీకీ పోలిక మీద థీసిస్ కట్టాలని ఎవరైనా ఊరిస్తే ఒప్పుకోకు. ఒక చోట ఓడిన దేశాన్ని విదేశీ సైన్యాలు పాలిస్తున్నాయి, ఇంకో చోట ఒక సంస్థానం యూనియన్‌లో కలిసింది. జర్మనీ వెనక ఉన్న పెద్ద నేరం, దాని లెక్కలు వేరు. ఒక పేరాలో ఆసక్తికరంగా ఉన్న పోలిక మూడు వందల పేజీల్లో రెండింటినీ చెడగొడుతుంది.

అమ్మ టెన్షన్ గురించి నేను చెప్పగలిగింది కొంచెమే. మాస్టర్స్ రెండేళ్లే అని చెప్పు, అది నిజం కూడా. ఈలోపు సంబంధాలు చూస్తే, అబ్బాయికి ముందే చెప్పాల్సింది ఒకటే: ఆర్కైవ్ ఏడాదిలో నువ్వు ఏ ఊళ్లో ఉంటావో నీ ఫైళ్లు నిర్ణయిస్తాయి, ఆయన ఆఫీసు కాదు. ఈ మాటకు మొహం ముడుచుకునేవాళ్లు ముందే తెలిసిపోవడం మంచిదే.

జర్మన్లు లెక్కలోకి తీసుకుంటారా అన్నావు. ఆధునిక జర్మన్ చరిత్రను మలుపు తిప్పినవాళ్లలో బయటివాళ్లే చాలామంది. జర్మనీ మిగతా యూరప్‌కు భిన్నంగా ఒక ప్రత్యేక దారిలో నడిచి హిట్లర్ దగ్గరికి చేరిందన్న వాదాన్ని 1980లో గట్టిగా కదిలించింది డేవిడ్ బ్లాక్‌బర్న్, జెఫ్ ఈలీ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్ర చరిత్రకారులు. యూదుల హత్యాకాండ పాలనాయంత్రాంగాన్ని ఫైలు ఫైలుగా విప్పిన రౌల్ హిల్‌బెర్గ్ వియన్నా నుంచి పారిపోయి అమెరికా చేరిన కుటుంబంవాడు. వీళ్లతో మొదట జర్మన్ ప్రొఫెసర్లు గొడవపడ్డారు, లేదా పట్టించుకోలేదు. దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్లు ఈ రంగంలో తక్కువ, కాబట్టి కొలోక్వియంలో మొదటిసారి నిలబడినప్పుడు నీ వైపు కొంచెం ఎక్కువ చూస్తారు. మాట్లాడటం అయ్యాక అక్కడ చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్ల మీద కొడతారు, బెదిరిపోకు. తర్వాత వచ్చే మొదటి ప్రశ్న నీ దేశం గురించి ఉండదు. ‘ఏ జిల్లా, ఎన్ని ఫైళ్లు, అవే ఎందుకు ఎంచుకున్నారు’ అని ఉంటుంది. దానికి జవాబు ఇప్పటి నుంచే తయారు చేసుకో: లుడ్విగ్స్‌బర్గ్ ఆర్కైవ్ ఆన్‌లైన్ జాబితాలో ఇఎల్ 902 అనే వరస తెరువు, విచారణ మండళ్ల ఫైళ్లు జిల్లాలవారీగా కనిపిస్తాయి. ఒక జిల్లా ఎంచుకుని, అందులో టీచర్లని తెలిసే పేర్లు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టి, ఆ అంకెను ప్రొఫెసర్‌కు పంపే ఈమెయిల్‌లో రాయి.